గురి కన్నా ముందు పెట్టె సర్దాలి

2024 జులై 30. పారిస్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ మిక్స్‌డ్ టీమ్ పోటీ. ఆ రోజు ఫొటో ఒకటి మీ ఫోన్లోకీ వచ్చే ఉంటుంది. తుర్కియే షూటర్ యూసుఫ్ డికేచ్... మామూలు టీషర్టు, మామూలు కళ్లద్దాలు, ఒక చెయ్యి ప్యాంటు జేబులో. వెళ్లాడు, కాల్చాడు, రజతం పట్టుకొచ్చాడు. ‘టాలెంట్ ఉంటే సామగ్రి ఎందుకు?’ అని మన వాట్సాప్ గ్రూపుల్లో వారం రోజులు అదే మీమ్. అదే పోటీలో కాంస్యం మన మను బాకర్, సరబ్‌జోత్ సింగ్ జోడీది.

మీమ్ చూసి నేనూ నవ్వుకున్నా. తర్వాత ఇంజినీరింగ్ బుర్ర ఊరుకోలేదు. ఆ చేతిలో ఉన్న పిస్టల్ అక్కడికి ఎలా వచ్చింది? షూటింగ్ పోటీలు జరిగింది పారిస్‌లో కాదు, అక్కడికి సుమారు 270 కిలోమీటర్ల దూరంలోని షాటోరూలో. ఇస్తాంబుల్ నుంచైనా హైదరాబాద్ నుంచైనా ఓ పిస్టల్ అంత దూరం వెళ్లాలంటే లైసెన్సు, విమాన సంస్థ అనుమతి, కస్టమ్స్, రేంజ్ దగ్గర తూకం-కొలత... ఇన్ని గేట్లు దాటాలి. చెయ్యి జేబులో పెట్టుకున్న మనిషి కూడా ఈ గేట్లన్నీ దాటే వచ్చాడు. ఫొటోలో అది కనిపించదంతే.

పోటీ ఫలితం సగం ఇక్కడే తేలిపోతుందని చెప్తే అతిశయోక్తి అనుకోవద్దు. ఉదాహరణలు ఉన్నాయి.

రెండు పాయింట్లు, ఒక పిస్టల్

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ గుర్తు తెచ్చుకోండి. మహిళల 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ క్వాలిఫికేషన్‌లో 75 నిమిషాల్లో 60 షాట్లు కాల్చాలి. మను బాకర్ మంచి ఊపులో ఉండగా పిస్టల్ మొరాయించింది. దాన్ని బాగుచేయించుకుని మళ్లీ లైన్‌లోకి వచ్చేసరికి విలువైన నిమిషాలు కరిగిపోయాయి. 575 పాయింట్లతో 12వ స్థానం. ఫైనల్‌కు వెళ్లేది ఎనిమిది మంది. రెండు పాయింట్ల తేడాతో అవకాశం పోయింది. మూడేళ్ల తర్వాత పారిస్‌లో అదే ఈవెంట్‌లో ఆమె 221.7 స్కోరుతో కాంస్యం గెలిచింది. మధ్యలో ఆమె గురి ఒక్కసారిగా మారిపోలేదు. టోక్యోలో యంత్రం ఆగింది, పారిస్‌లో ఆగలేదు. ఆ తేడా కూడా లెక్కలోకి తీసుకోవాలి.

2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రాది ఇంకో రకం అనుభవం. ఫైనల్‌కు ముందు వేసే ప్రాక్టీసు షాట్ లక్ష్యానికి చాలా దూరంగా పడింది. చూస్తే రైఫిల్ సైట్ అమరిక మారిపోయి ఉంది. కంగారు పడకుండా సరిచేసుకున్నాడు, 700.5తో స్వర్ణం తెచ్చాడు. ఆ ప్రాక్టీసు షాట్‌ను తేలిగ్గా తీసుకుని ఉంటే మన దేశానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం ఆ రోజు వచ్చేది కాదేమో.

సైట్ కొంచెం కదిలితే అంత తేడానా? చిన్న లెక్క వేద్దాం. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వెడల్పు అర మిల్లీమీటరు. ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ మధ్య ముప్పావు మీటరు దూరం అనుకోండి. టార్గెట్ మీద అర మిల్లీమీటరు తప్పడానికి సైట్ సుమారు 0.04 మిల్లీమీటర్లు కదిలితే చాలు. తల వెంట్రుక మందం కన్నా తక్కువ. లగేజీ బెల్టు మీద పెట్టె ఒక్కసారి ధబ్‌మని పడితే ఆ మాత్రం కదలడం పెద్ద విషయం కాదు. అందుకే షూటర్లు గట్టి ప్లాస్టిక్ పెట్టెలో, తుపాకీ ఆకారానికి కోసిన ఫోమ్‌లో పెట్టి తీసుకెళ్తారు. సైట్‌ను విప్పి విడిగా సర్దుతారు. దాని గీతలు ఎక్కడున్నాయో నోట్‌బుక్‌లో రాసుకుంటారు, ఫొటో తీసుకుంటారు. చేరాక మళ్లీ మొదట్నుంచీ సరిచూసుకుంటారు.

ఒకే కిట్... మూడు రకాల రూల్స్

విమాన ప్రయాణంలో తమాషా ఏంటంటే, ఒకే క్రీడాకారుడి సామగ్రిలో ఒక్కో వస్తువుకి ఒక్కో రూల్. అంతర్జాతీయ విమాన రవాణా సంఘం ‘ఐఏటీఏ’ ప్రమాదకర వస్తువుల నిబంధనలే చాలావరకు ప్రపంచమంతా నడుస్తాయి.

మొదటిది తుపాకీ, తూటాలు. తుపాకీ, దాని విడిభాగాలు చెక్ఇన్ లగేజీలోనే వెళ్లాలి. తూటాలు 1.4ఎస్ అనే తరగతివి మాత్రమే, విమాన సంస్థ ముందస్తు అనుమతితో, ప్యాకింగ్‌తో కలిపి మనిషికి 5 కిలోలు మించకూడదు. ఇద్దరి కోటా కలిపి ఒకే పెట్టెలో పెడతామంటే కుదరదు.

ఈ 5 కిలోలు అందరికీ ఒకేలా పనిచేయవు. 50 మీటర్ల రైఫిల్‌లో వాడే .22 తూటాలు 50 ఉన్న డబ్బా 180 గ్రాముల పైచిలుకు తూగుతుంది. అంటే 5 కిలోల్లో 1,300 దాకా పడతాయి. పోటీకి 60 షాట్లు, ప్రాక్టీసు కలుపుకొన్నా బోలెడు. అదే ట్రాప్ షూటర్ సంగతి చూడండి. షాట్‌గన్ తూటా ఒక్కోటి సుమారు 35 గ్రాములు. 5 కిలోల్లో 140 వస్తే గొప్ప. క్వాలిఫికేషన్‌లోనే 125 టార్గెట్లు, ఒక్కోదానికి రెండు సార్లు కాల్చే వీలుంటుంది. ఇక ప్రాక్టీసు మాటేంటి? అందుకే షాట్‌గన్ వాళ్లు తూటాలను పోటీ జరిగే చోటే కొనేలా ముందే ఆర్డర్ ఇస్తారు, లేదా కార్గోలో పంపిస్తారు. తనకు అలవాటైన రకమే అక్కడ దొరుకుతుందా అన్నది నెలల ముందు తేల్చుకోవాలి.

రెండోది గాలి సిలిండర్. ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్‌కు బారెల్ కింద ఉండే చిన్న గొట్టంలో దాదాపు 200 బార్ ఒత్తిడితో గాలి ఉంటుంది. కారు టైరులో ఉండేది రెండు బార్ పైచిలుకు. అంటే సుమారు 90 రెట్లు! అందుకే చాలా విమాన సంస్థలు దాన్ని ఖాళీ చేసి తెమ్మంటాయి. పైగా సిలిండర్‌కూ గడువు తేదీ ఉంటుంది, చాలావాటికి తయారైన దగ్గర్నుంచి 10 ఏళ్లు. గడువు దాటినదాన్ని పోటీకి తీసుకురాకుండా చూసుకోవాల్సిన బాధ్యత షూటర్‌దే.

మూడోది బ్యాటరీ. కొన్ని పిస్టల్స్‌లో ట్రిగ్గర్ ఎలక్ట్రానిక్. విడిగా పెట్టుకునే లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చెక్ఇన్‌లో పెట్టకూడదు, కచ్చితంగా చేతి సంచిలోనే. తుపాకీ కింద, దాని బ్యాటరీ పైన! ఇది తెలియక అన్నీ ఒకే పెట్టెలో సర్దితే స్కానింగ్‌లో పెట్టె ఆగిపోతుంది.

మా కాలేజీ జూనియర్ ఒకమ్మాయికి జరిగింది చెప్తా. ఎయిర్ రైఫిల్ షూటర్. మూడేళ్ల కిందట ఓ జాతీయ స్థాయి పోటీకి బయల్దేరింది. కాగితాలన్నీ ఫైల్లో నీట్‌గా ఉన్నాయి. కౌంటర్ దగ్గర ‘సిలిండర్ ఖాళీ చేసి చూపించమ్మా’ అన్నారు. గాలి వదిలే టూల్ ఇంట్లో డెస్క్ సొరుగులో ఉండిపోయింది. దింపడానికి వచ్చిన నాన్న చేతికి సిలిండర్లు ఇచ్చేసి విమానం ఎక్కింది. అక్కడ అరువు దొరికిన సిలిండర్‌కు బ్రాండు వేరు, మర వేరు. ఎక్కలేదు. చివరికి వేరే వాళ్ల రైఫిల్‌తో కాల్చింది. ఏడాది పాటు రోజూ ఉదయం 5 గంటలకు లేచి చేసిన ప్రాక్టీసు ఆ రోజు అక్కరకు రాలేదు. ‘అన్నా, నేను ఓడిపోయింది రేంజ్‌లో కాదు, మా ఇంటి సొరుగు దగ్గర’ అంది. ఇప్పుడు ఆమె పెట్టె మూతకి లోపలివైపు లిస్టు అతికించి ఉంటుంది. మొదటి లైన్ ఆ టూలే.

కాగితాల బరువు

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం, 2016 ఆయుధాల నియమావళి దీనికి ఆధారం. 4.5 మిల్లీమీటర్ల లోపు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. .22 రైఫిల్, పిస్టల్, షాట్‌గన్‌కు తప్పనిసరి. లైసెన్సుదారుల వివరాలు జాతీయ ఆయుధ లైసెన్సుల డేటాబేస్‌లో ఉంటాయి, ఒక్కొక్కరికీ ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఉంటుంది. లైసెన్సు మీద అది ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో రాసి ఉంటుంది. రాష్ట్రానికే పరిమితమైన లైసెన్సుతో దిల్లీ పోటీకి బయల్దేరితే చిక్కే. ఎన్నికలొస్తే లైసెన్సు ఆయుధాలు పోలీస్ స్టేషన్‌లో అప్పగించమంటారు. రైఫిల్ అసోసియేషన్ సభ్యులైన పోటీ షూటర్లకు సాధారణంగా మినహాయింపు ఇస్తారు, కానీ ఆ ఉత్తర్వు కాపీ చేతిలో ఉండాలి.

కాగితాలన్నీ ఉన్నా పని అవుతుందన్న భరోసా ఉందా? 2021 ఫిబ్రవరిలో దిల్లీ విమానాశ్రయంలో భోపాల్ విమానం ఎక్కనివ్వడం లేదని, అనుమతి పత్రాలున్నా అదనపు రుసుము అడుగుతున్నారని మను బాకర్ ట్విటర్‌లో రాసింది. అప్పటి క్రీడా మంత్రి కిరణ్ రిజిజు జోక్యం చేసుకున్నాక విమానం ఎక్కింది. అప్పటికే ఆమె దేశమంతా తెలిసిన క్రీడాకారిణి. మంత్రిని ట్యాగ్ చేస్తే పని జరిగింది. వరంగల్ నుంచో విజయనగరం నుంచో మొదటిసారి జాతీయ పోటీకి వెళ్లే డిగ్రీ కుర్రాడు ఎవరిని ట్యాగ్ చేయాలి?

నా ఉద్దేశంలో అసలు లోపం ఇక్కడే ఉంది. లైసెన్సు సమాచారం ఒక చోట, షూటర్ గుర్తింపు జాతీయ రైఫిల్ సంఘం దగ్గర, పోటీలో పేరు ఉందో లేదో నిర్వాహకుల దగ్గర. కౌంటర్‌లో ఉన్న ఉద్యోగికి ఈ మూడూ ఒకే తెరమీద కనిపించాలి. క్యూఆర్ కోడ్‌తో కూరగాయలు కొంటున్న దేశంలో ఇది చేయలేనంత పెద్ద టెక్నాలజీ కాదు. అది లేనంత కాలం భారమంతా క్రీడాకారుడి ఫైలు మీద, వెంట వచ్చిన నాన్న ఓపిక మీద పడుతుంది. కౌంటర్ ఉద్యోగిని తప్పుపట్టి కూడా లాభం లేదు. తుపాకీ విషయంలో ఏ చిన్న తేడా వచ్చినా ఆయన ఉద్యోగానికే ఎసరు. అనుమానం వస్తే ఆపడమే ఆయనకు సురక్షితం.

దేశం దాటితే ఇంకో మెట్టు. వెళ్లేటప్పుడు కస్టమ్స్ దగ్గర సీరియల్ నంబర్లతో సర్టిఫికెట్ తీసుకోకపోతే, తిరిగొచ్చేటప్పుడు మన తుపాకీ మనదేనని నిరూపించుకోవాల్సి వస్తుంది. అవతలి దేశం చట్టాలు వేరు. 2026 సెప్టెంబరులో ఆసియా క్రీడలు జరిగేది జపాన్‌లోని ఐచి-నగోయాలో. ప్రపంచంలోనే కఠినమైన తుపాకీ చట్టాలున్న దేశాల్లో జపాన్ ఒకటి. అక్కడ కాగితంలో ఒక అంకె తప్పినా సర్దుబాటు మాటే ఉండదు.

చేరాక కూడా పరీక్షే

రేంజ్‌కు చేరితే అయిపోయినట్టు కాదు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధనల ప్రకారం ప్రతిదానికీ కొలత ఉంటుంది. ఎయిర్ పిస్టల్ బరువు 1,500 గ్రాములు మించకూడదు, ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు మోయాలి. ఎయిర్ రైఫిల్ గరిష్ఠంగా 5.5 కిలోలు. రైఫిల్ షూటర్ వేసుకునే దళసరి జాకెట్ గుడ్డ మందం 2.5 మిల్లీమీటర్లు దాటకూడదు, మరీ బిర్రుగా కూడా ఉండకూడదు. పోటీ అయ్యాక కూడా కొందరిని పిలిచి తనిఖీ చేస్తారు. తేడా వస్తే స్కోరు ఎంత ఉన్నా అనర్హత వేటే.

ఇంట్లో సరిపోయిన కొలత అక్కడ సరిపోతుందన్న గ్యారంటీ లేదు. ఎండలో కారు డిక్కీలో ఉన్న జాకెట్, ఏసీ హాల్లో ఆరిన జాకెట్ ఒకేలా ఉండవు. ప్రయాణంలో కుదుపులకు స్క్రూ వదులైతే ట్రిగ్గర్ బరువు మారుతుంది. అనుభవం ఉన్నవాళ్లు గీత మీద నిలబడరు, గీతకు కొంచెం ఇవతలే ఉంటారు. మనం డిజైన్ క్లాసులో చదువుకున్న ‘టాలరెన్స్’ పాఠం ఇదే.

గచ్చిబౌలి నుంచి ప్రపంచానికి

ఈ క్రీడ మనకు దూరం ఏమీ కాదు. లండన్ 2012లో కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ పెరిగింది హైదరాబాద్‌లో. పారిస్‌లో భారత బృందానికి సారథిగా వెళ్లిందీ ఆయనే. గచ్చిబౌలి రేంజ్‌లో ఓనమాలు దిద్దిన ఇషా సింగ్ 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. వినికిడి లోపమున్న హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ డెఫ్లింపిక్స్‌లో స్వర్ణాలు గెలిచాడు. ఇషా హాంగ్‌ఝౌలో పతకాలు తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో, 25 మీటర్ల పిస్టల్‌లో. అంటే రెండు వేర్వేరు ఆయుధాలు, పెల్లెట్లు ఒకచోట, తూటాలు ఇంకోచోట, ఒకదానికి గాలి, రెండోదానికి లైసెన్సు. ఆ నాలుగు పతకాల వెనక ఎంత సర్దుబాటు ఉండాలో ఊహించుకోండి.

మరి మనకేంటి?

‘అన్నా, నేను షూటర్‌ని కాదు, నాకు ఉద్యోగం కావాలి’ అంటారా? అక్కడికే వస్తున్నా. క్రీడా కోటా సంగతి మీకు తెలిసిందే. పారిస్‌లో 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో కాంస్యం గెలిచిన స్వప్నిల్ కుశాలె అప్పటికి సెంట్రల్ రైల్వేలో టీటీఈ. కానీ ఆ దారి కొందరికే. ఈ పెట్టె ప్రయాణంలో ప్రతి గేటు దగ్గరా ఒక ఉద్యోగం ఉందన్నది నేను చెప్పాలనుకున్న విషయం.

కౌంటర్ వెనక 5 కిలోల లెక్క చూసే వ్యక్తి ప్రమాదకర వస్తువుల నిబంధనల్లో శిక్షణ పొందినవాడు. ఆ శిక్షణ మన దేశంలో డీజీసీఏ ఆమోదించిన సంస్థలు ఇస్తాయి, రెండేళ్లకోసారి మళ్లీ తీసుకోవాలి. తుపాకీ తూటాలకే కాదు... ఫోన్ బ్యాటరీలు, రంగులు, పరిమళ ద్రవ్యాలు, రసాయనాలు అన్నిటికీ అదే నియమాల పుస్తకం. ఈ-కామర్స్, ఫార్మా, ఎలక్ట్రానిక్స్ కంపెనీల కార్గో విభాగాలకు ఈ జ్ఞానం ఉన్నవాళ్లు కావాలి.

కస్టమ్స్ బ్రోకర్ ఇంకో దారి. 2018 నిబంధనల ప్రకారం డిగ్రీతో పాటు నిర్దేశించిన మరో అర్హత గానీ అనుభవం గానీ ఉన్నవాళ్లు పరీక్ష రాసి లైసెన్సు పొందవచ్చు. దాన్ని నిర్వహించే జాతీయ కస్టమ్స్ అకాడమీకి మన శ్రీసత్యసాయి జిల్లా పాలసముద్రంలోనే పెద్ద క్యాంపస్ ఉంది, 2024 జనవరిలో మొదలైంది. మెకానికల్ వాళ్లకు సైన్యం, కేంద్ర బలగాల్లో ఆయుధాల మరమ్మతు చూసే ఆర్మరర్ విభాగాలున్నాయి. షూటింగ్ తెలిసినవాళ్లు జడ్జి లైసెన్సు తీసుకుని సామగ్రి తనిఖీ బల్ల దగ్గర కూర్చోవచ్చు.

ఒక మాట నిజాయతీగా చెప్పాలి. ఒక్క షూటింగ్ క్రీడనే నమ్ముకుంటే ఉద్యోగాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. అకాడమీలు కొన్నే, ఆర్మరర్లు కొందరే. ‘స్పోర్ట్స్ లాజిస్టిక్స్‌లో లక్షల జీతం’ అని యూట్యూబ్‌లో ఎవరైనా కోర్సు అమ్మితే ఫీజు కట్టే ముందు రెండుసార్లు ఆలోచించండి. మీరు నేర్చుకునేది ఒక వస్తువును నిబంధనలకు లోబడి, చెడిపోకుండా, టైముకు చేర్చే పని. అది వ్యాక్సిన్ పెట్టెకైనా, డ్రోన్‌కైనా, ఆసుపత్రి యంత్రానికైనా పనికొస్తుంది. ఇంటర్వ్యూలో ‘మేనేజ్‌మెంట్ స్కిల్స్ ఉన్నాయి సార్’ అనే బదులు ఓ కాలేజీ టీమ్ కిట్‌ను వంద కిలోమీటర్లు తీసుకెళ్లి ఒక్క వస్తువూ పోగొట్టకుండా తెచ్చానని, ఎలా తెచ్చానో చెప్పగలిగితే అవతలివాళ్లు పెన్ను పక్కనపెట్టి వింటారు.

షూటర్లు ఇలా సర్దుతారు

- ప్రతి వస్తువుకీ పెట్టెలో ఒకే చోటు. ఖాళీ గుంత కనిపిస్తే ఏదో మర్చిపోయినట్టే.
- సీరియల్ నంబర్ల జాబితా మూడు కాపీలు: పెట్టెలో ఒకటి, చేతి ఫైల్లో ఒకటి, ఇంట్లో ఒకటి. ఫోన్లో ఉన్నది నాలుగోది మాత్రమే. చార్జింగ్ అయిపోతే అది లేనట్టే.
- పోతే ఆట ఆగిపోయే చిన్న వస్తువులు ముందు రాసుకుంటారు: గాలి టూల్, అలెన్ కీలు, సీల్ రింగులు, బ్యాటరీ.
- విమాన సంస్థకు టికెట్ కొన్న రోజే మెయిల్ పెడతారు. జవాబు ప్రింట్ తీసి ఫైల్లో ఉంచుతారు.
- గ్లవ్, షూటింగ్ కళ్లద్దాలు, చెవి రక్షణ చేతి సంచిలో. లగేజీ ఆలస్యమైనా ఇవి ఉంటాయి.
- చేరగానే పెట్టె తెరిచి లిస్టు పట్టుకుని సరిచూస్తారు. నిద్ర తర్వాత.
- పోటీ అయ్యాక తిరుగు ప్రయాణానికీ అదే లిస్టు. వస్తువులు ఎక్కువగా పోయేది వచ్చేటప్పుడే!

ఈ జాబితాలో తుపాకీ బదులు మీ సర్టిఫికెట్లు, హాల్‌టికెట్, ఆధార్, ఫొటోలు, నల్ల పెన్ను పెట్టి చూడండి. గ్రూప్స్ పరీక్షకో, ఇంటర్వ్యూకో బయల్దేరే రోజు ఉదయం మనలో ఎంతమంది జిరాక్స్ షాపు ముందు చెమటలు కక్కుతుంటాం? నేనూ కక్కా. మా జూనియర్ మాత్రం మొన్న ఓ కంపెనీ ఇంటర్వ్యూకు వెళ్తూ ముందు రోజు రాత్రే పెట్టె సర్దేసింది. మూత లోపల లిస్టు కూడా అతికించుకుంది.